యాంటీ టీపీఓ పాజిటివ్ అని రిపోర్ట్ వచ్చాక ఏం చూడాలి, ఏం చేయాలి

నీరసమనో, జుట్టు రాలుతోందనో, నెలసరి సరిగా రావట్లేదనో రక్తం ఇచ్చి వస్తాం. సాయంత్రానికల్లా ఫోన్‌కి రిపోర్ట్ వస్తుంది. టీఎస్‌హెచ్ 7.8 అని, దాని కింద యాంటీ టీపీఓ (మన ఒళ్లే థైరాయిడ్ మీదకి తయారుచేసుకునే యాంటీబాడీ) 600 పైన అని నల్లటి అక్షరాల్లో కనిపిస్తుంది. ఉండాల్సింది 34 లోపు, మనకేమో 600 దాటింది! టెన్షన్ అంతా ఆ రెండో అంకె దగ్గరే మొదలవుతుంది. వైద్యం నడిచేది మాత్రం మొదటి అంకెతో. జబ్బు ఎందుకొచ్చిందో యాంటీబాడీ చెబుతుంది, ఇప్పుడు ఏం చేయాలో టీఎస్‌హెచ్ చెబుతుంది. ఈ తేడా తెలియక యాంటీబాడీలు తగ్గించుకోవాలని నెలల తరబడి పొడులు, పథ్యాలు, ఖరీదైన పరీక్షల చుట్టూ తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే రిపోర్టును ఏ వరసలో చదవాలో, ఆ తర్వాత ఏం చేయాలో ఒక్కో అడుగుగా రాస్తున్నాను. మోతాదు నిర్ణయించాల్సింది మీ డాక్టరే. ఇక్కడున్న అంకెలు వాళ్లతో వివరంగా మాట్లాడటానికి పనికొస్తాయి.

ముందుగా ఒంట్లో ఏం జరుగుతోందో

గొంతు ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి టీ4, టీ3 అనే హార్మోన్లు తయారుచేస్తుంది. ఎంత చేయాలో చెప్పేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. అది పంపే కబురే టీఎస్‌హెచ్. పిలిస్తే పలకని మనిషిని ఇంకా గట్టిగా కేకేసినట్టు, థైరాయిడ్ పని తగ్గేకొద్దీ పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ని పెంచుతూ పోతుంది. కాబట్టి టీఎస్‌హెచ్ ఎక్కువ ఉందంటే థైరాయిడ్ పని తగ్గిందని, తక్కువ ఉందంటే థైరాయిడ్ మితిమీరి పనిచేస్తోందని అర్థం. రిపోర్టులో 'హై' అని చూసి "నాకు థైరాయిడ్ ఎక్కువైంది" అనుకునేవాళ్లు తికమకపడేది ఇక్కడే.

గ్రంథి ఎందుకు చెడింది అంటే, మన దగ్గర ఇప్పుడు పెద్దవాళ్లలో కనిపించే ప్రధాన కారణం మన రోగనిరోధక వ్యవస్థే. బయటి క్రిములతో పోరాడాల్సిన కణాలు థైరాయిడ్ మీద పడి, ఏళ్ల తరబడి మెల్లగా దాన్ని దెబ్బతీస్తాయి. జపాన్ సర్జన్ హకారు హషిమోటో 1912లో నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథుల్లో తెల్ల రక్తకణాలు గుంపులుగా చేరి ఉండటం చూసి రాశాడు. జబ్బుకి ఆయన పేరే పెట్టారు. శరీరం తనమీద తానే యాంటీబాడీలు తయారుచేసుకోవడం వల్ల ఇలా జరుగుతోందని తేలడానికి 1956 దాకా పట్టింది. లండన్‌లో రాయిట్, డోనియాక్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ సంగతి కనిపెట్టారు.

మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఈ జబ్బు చాలా రెట్లు ఎక్కువ. హైదరాబాద్‌తో సహా 8 నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన భారతీయ అధ్యయనంలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ పని తగ్గడం, ఉందని తేలింది. యాంటీ టీపీఓ పాజిటివ్ ఉన్నవాళ్లు దాదాపు 22 శాతం. అంటే థైరాయిడ్ తగ్గినవాళ్లకి రెట్టింపు మంది యాంటీబాడీలతో తిరుగుతున్నారు. పాజిటివ్ అని ఉన్నంత మాత్రాన గ్రంథి పాడైపోయినట్టు కాదని ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

1. ఏ పరీక్షలు చేశారో చూడండి

మన ల్యాబుల్లో 'థైరాయిడ్ ప్రొఫైల్' పేరుతో, ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో ఎక్కువగా చేసేది టోటల్ టీ3, టోటల్ టీ4, టీఎస్‌హెచ్. వీటిలో టోటల్ టీ4 గర్భిణుల్లోనూ, గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లలోనూ ఎక్కువగా కనిపిస్తుంది. హార్మోన్‌ని రక్తంలో మోసుకెళ్లే ప్రొటీన్ పెరగడమే దానికి కారణం, అది జబ్బు కాదు. అసలు చూడాల్సింది ఫ్రీ టీ4, అంటే ఆ ప్రొటీన్‌కి అంటుకోకుండా విడిగా ఉండే టీ4. మీ రిపోర్టులో అది లేకపోతే, టీఎస్‌హెచ్ తేడాగా ఉన్నప్పుడు అదొక్కటి అడిగి చేయించుకోండి. థైరాయిడ్ తగ్గిందని అనుమానించేటప్పుడు టీ3తో పెద్దగా ఉపయోగం లేదు. గ్రంథి బాగా దెబ్బతిన్నాక కూడా అది మామూలుగానే ఉండొచ్చు. రివర్స్ టీ3 లాంటి పరీక్షలకు డబ్బు పెట్టకండి.

విదేశాల్లో ఉన్న పిల్లలకి రిపోర్ట్ పంపినప్పుడు, అక్కడి రిపోర్ట్ ఇక్కడి డాక్టర్‌కి చూపించినప్పుడు యూనిట్లు గమనించండి. ఇక్కడా, అమెరికాలోనూ ఫ్రీ టీ4 నానోగ్రాముల్లో ఉంటుంది, మామూలు పరిధి సుమారు 0.8 నుంచి 1.8. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో పికోమోల్స్‌లో ఇస్తారు. నానోగ్రాముల అంకెను సుమారు 12.9తో హెచ్చిస్తే పికోమోల్స్ వస్తాయి. అక్కడ 14 అని ఉంటే ఇక్కడి లెక్కలో 1.1 మాత్రమే, గాభరా అక్కర్లేదు. టీఎస్‌హెచ్ అంకె మాత్రం ఎక్కడైనా ఒకటే.

2. టీఎస్‌హెచ్‌నీ ఫ్రీ టీ4నీ జంటగా చదవండి

టీఎస్‌హెచ్ మామూలు పరిధి చాలా ల్యాబుల్లో సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 వరకు. వయసు 70 దాటినవాళ్లలో 6, 7 దాకా ఉన్నా అది ఆ వయసుకి సహజమే కావచ్చు.

టీఎస్‌హెచ్ ఎక్కువై ఫ్రీ టీ4 తక్కువైతే అది స్పష్టమైన హైపోథైరాయిడిజం. టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉండి ఫ్రీ టీ4 మామూలుగా ఉంటే దాన్ని సబ్‌క్లినికల్ అంటారు. గ్రంథి ఇంకా లాక్కొస్తోంది, కానీ కష్టపడుతోంది. పైన చెప్పిన 7.8 రిపోర్టులో ఫ్రీ టీ4 1.1 ఉంటే ఈ కోవలోకే వస్తుంది. టీఎస్‌హెచ్ బాగా తగ్గి ఫ్రీ టీ4 పెరిగితే థైరాయిడ్ ఎక్కువైనట్టు, ఆ దారి వేరు, 7వ అడుగులో చూద్దాం. ఫ్రీ టీ4 తక్కువగా ఉన్నా టీఎస్‌హెచ్ పెరగకపోతే మాత్రం సంగతి పిట్యూటరీలో ఉండొచ్చు. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, తర్వాత పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం జరిగిన స్త్రీలలో ఇది కనిపిస్తుంది. టీఎస్‌హెచ్ ఒక్కటే చేయిస్తే 'నార్మల్' అని వచ్చి జబ్బు తప్పించుకుపోయేది ఇలాంటి చోటే.

ఇంకొక మాట. టీఎస్‌హెచ్ 80 అంటే 8 కన్నా పది రెట్లు జబ్బు అని కాదు. ఫ్రీ టీ4 సగానికి పడితే టీఎస్‌హెచ్ వంద రెట్ల దాకా ఎగబాకగలదు. కాబట్టి 4.8 కాస్తా 5.6 అయిందని కుంగిపోవాల్సిన పని లేదు. టీఎస్‌హెచ్ రాత్రీ తెల్లవారుజామునా ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. ఒకసారి ఉదయం 7 గంటలకి, ఇంకోసారి మధ్యాహ్నం 3 గంటలకి రక్తం ఇస్తే ఆ మాత్రం తేడా దానికదే వస్తుంది.

3. యాంటీబాడీ అంకెని దాని చోట దాన్ని ఉంచండి

యాంటీ టీపీఓ పరిమితి ఒక్కో ల్యాబుకి ఒక్కోలా ఉంటుంది. ఒకచోట 9, ఇంకోచోట 34, మరోచోట 60. వాడే యంత్రాన్ని బట్టి ఇవి మారతాయి. ' 600 పైన', '1300 పైన' అని వచ్చిందంటే ఆ యంత్రం అంతకు మించి కొలవలేదని అర్థం. ఒక ల్యాబు అంకెని ఇంకో ల్యాబు అంకెతో పోల్చడం దండగ.

మరి ఈ పరీక్ష దేనికి? ముందుముందు ఏం జరగొచ్చో అంచనా వేయడానికి. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్‌లో 1970ల్లో పరీక్షించిన జనాన్ని 20 ఏళ్ల తర్వాత మళ్లీ చూశారు. టీఎస్‌హెచ్ పెరిగి, యాంటీబాడీలు కూడా ఉన్న స్త్రీలలో ఏటా 4.3 శాతం మందికి పూర్తి హైపోథైరాయిడిజం వచ్చింది. టీఎస్‌హెచ్ మామూలుగా ఉండి యాంటీబాడీలు మాత్రమే ఉన్నవాళ్లలో ఏటా 2.1 శాతం. అంటే పాజిటివ్ వచ్చి టీఎస్‌హెచ్ బాగున్న వందమంది స్త్రీలలో వచ్చే సంవత్సరం మందు అవసరమయ్యేది ఇద్దరికి. మిగతావాళ్లు ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూసుకుంటే చాలు.

ఒకసారి పాజిటివ్ అని తేలాక ఆ పరీక్ష మళ్లీ మళ్లీ చేయించడం వల్ల వైద్యంలో మారేది ఏమీ లేదు. 600 నుంచి 400కి తగ్గిందని మందు ఆపరు, 900 అయిందని పెంచరు. నా మాట వింటే ఆ డబ్బు ఫ్రీ టీ4కో, హిమోగ్లోబిన్‌కో పెట్టండి.

స్కానింగ్ కూడా అంతే. మెడలో గడ్డ చేతికి తగిలితేనో, ఒక పక్క వాపు ఎక్కువ ఉంటేనో అల్ట్రాసౌండ్ అవసరం. ఊరికే చేయిస్తే ఏవో చిన్న చిన్న నాడ్యూల్స్ బయటపడి ఇంకో భయం మొదలవుతుంది.

4. జీవితకాలపు మందుకు ముందు ఇంకోసారి పరీక్ష

టీఎస్‌హెచ్ 5కీ 10కీ మధ్య ఉండి, ఫ్రీ టీ4 మామూలుగా ఉంటే, గర్భం లాంటి తొందర ఏదీ లేకపోతే, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకోవడం మంచి పద్ధతి. డెంగీ, టైఫాయిడ్ లాంటి పెద్ద జ్వరం నుంచి కోలుకుంటున్నప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పెరిగి దానంతట అదే దిగుతుంది. లిథియం, అమియోడరోన్ లాంటి మందులు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి.

జుట్టు రాలుతోందని వేసుకునే మాత్రల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. వాటిలో 5, 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటుంది. చాలా ల్యాబు యంత్రాలు వాడే పద్ధతిలో ఈ బయోటిన్ అడ్డుపడి టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికన్నా తక్కువగా, ఫ్రీ టీ4ని ఎక్కువగా చూపిస్తుంది. మనిషికి థైరాయిడ్ తగ్గి ఉంటే రిపోర్ట్ మాత్రం పెరిగినట్టో, మామూలుగా ఉన్నట్టో చెబుతుంది. థైరాయిడ్ తగ్గితే జుట్టు రాలుతుంది, జుట్టు రాలితే బయోటిన్ వేసుకుంటాం, బయోటిన్ వల్ల థైరాయిడ్ తగ్గిన సంగతి బయటపడదు! పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు నుంచి ఆపండి.

5. మందు ఎవరికి, ఎంత

ఫ్రీ టీ4 తగ్గినవాళ్లకి మందు కావాలి, అందులో రెండో మాట లేదు. ఫ్రీ టీ4 మామూలుగా ఉన్నా టీఎస్‌హెచ్ 10 దాటితే సాధారణంగా మొదలుపెడతారు. ఆ మధ్యలో, అంటే 4.5 నుంచి 10 దాకా ఉన్నప్పుడు మనిషిని బట్టి నిర్ణయం ఉంటుంది. వయసు, యాంటీబాడీలు, లక్షణాలు, కొలెస్ట్రాల్, గర్భం ఆలోచన ఉందా అన్నవి చూస్తారు. గర్భం కోసం చూస్తున్న 28 ఏళ్ల అమ్మాయికి 6.5 ఉంటే మందు ఇస్తారు. అదే 6.5 ఉన్న 72 ఏళ్ల ఆమెకి ఇవ్వకపోవచ్చు. ఒకే ఇంట్లో కోడలికి మాత్ర రాసి అత్తగారికి రాయలేదని డాక్టర్‌ని అనుమానించొద్దు. 65 ఏళ్లు దాటి, సబ్‌క్లినికల్ స్థాయిలో ఉన్నవాళ్ల మీద యూరప్‌లో జరిగి 2017లో వెలువడిన ట్రస్ట్ అనే పరీక్షలో, మందు వేసుకున్నవాళ్లకీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ నీరసం విషయంలో తేడా కనిపించలేదు.

ఇచ్చే మందు లీవోథైరాక్సిన్. థైరోనార్మ్, ఎల్‌ట్రాక్సిన్, థైరాక్స్ అని సీసాల్లో దొరికేవన్నీ ఇదే. మన గ్రంథి తయారుచేసే టీ4కీ దీనికీ నిర్మాణంలో తేడా లేదు. ఒంట్లో తగ్గినదాన్ని భర్తీ చేయడమే దీని పని. కాబట్టి "ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుంది" అనే మాటలో అర్థం లేదు. చాలామంది జీవితాంతం వేసుకునేది గ్రంథి తిరిగి కోలుకోనందువల్లే.

గ్రంథి దాదాపు పూర్తిగా పనిచేయని పెద్దవాళ్లకి కిలో బరువుకి సుమారు 1.6 మైక్రోగ్రాములు పడుతుంది. 60 కిలోల మనిషికి 100 దగ్గర. సబ్‌క్లినికల్ అయితే 25, 50తోనే సరిపోవచ్చు. వయసు పైబడినవాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి 12.5తోనో 25తోనో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే గుండె మీద భారం పడుతుంది. ఒళ్లు నల్లబడుతూ, బీపీ పడిపోతూ, బరువు తగ్గుతూ ఉంటే మాత్ర మొదలుపెట్టకముందే డాక్టర్‌కి చెప్పండి. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథి కూడా ఇదే రకంగా దెబ్బతిని ఉంటే ముందు దానికి వైద్యం జరగాలి.

6. మాత్ర వేసుకునే పద్ధతి

మోతాదు సరిపోవట్లేదని 50 నుంచి 75కి, 75 నుంచి 100కి పెరుగుతూ పోయే కేసుల్లో చాలావాటికి కారణం మాత్ర వేసుకునే తీరులో దొరుకుతుంది. అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

పరగడుపున, మంచినీళ్లతో. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తీసుకోకూడదు. ఈ 'ఏమీ'లో కాఫీ, టీ, పాలు, రాగిజావ అన్నీ ఉన్నాయి. మన ఇళ్లలో పొద్దున్నే కళ్లు తెరవగానే కాఫీ పడకపోతే పని జరగదు. మాత్ర కాఫీతో మింగేసి, గంట ఆగి టిఫిన్ చేస్తే సరిపోతుందనుకుంటారు. కాఫీయే మందుని ఒంటికి పట్టనీయదు. పాలలో కాల్షియం ఉంటుంది కాబట్టి చిక్కటి టీ కూడా అంతే.

ఆ గంట ఆగడం కుదరకపోతే రాత్రికి మార్చుకోండి. భోజనమైన మూడు గంటలకి, పడుకునే ముందు. 8కి తిని 11కి పడుకునేవాళ్లకి ఇది చక్కగా సరిపోతుంది. ఉదయమైనా రాత్రైనా రోజూ ఒకేలా ఉండాలి. ఉపవాసాల రోజున మానక్కర్లేదు. రంజాన్ నెలలో సహరీకి అరగంట ముందో, రాత్రి పడుకునేటప్పుడో వేసుకోవచ్చు.

ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, ఇవి రెండూ ఉన్న మల్టీవిటమిన్‌లకీ థైరాయిడ్ మాత్రకీ మధ్య 4 గంటల దూరం ఉండాలి. రక్తహీనత ఉన్న స్త్రీలు, గర్భిణులు ఇది మరీ చూసుకోవాలి. ఉదయం థైరాయిడ్, మధ్యాహ్నం భోజనం తర్వాత ఐరన్, రాత్రి కాల్షియం అని పెట్టుకుంటే ఏదీ దేనికీ అడ్డురాదు. గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లలో కడుపులో ఆమ్లం తగ్గి మందు సరిగా ఒంటపట్టదు. మొదలుపెట్టినా, మానినా టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి.

ఒకరోజు మర్చిపోతే? ఆ రోజే గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే రెండు కలిపి వేసుకున్నా మామూలుగా ఇబ్బంది ఉండదు, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం అలా చేయొద్దు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, ఒక్కరోజుతో ఏమీ కాదు. అసలు ఇబ్బంది సీసా అయిపోయాక "వచ్చే వారం తెచ్చుకుందాంలే" అని నెల గడిపేయడంతో.

సీసాని పొయ్యి పక్క అలమారులో పెట్టకండి. వేడి, తడి, వెలుతురు ఈ మందుకి పడవు. మన ఎండాకాలంలో కారు డ్యాష్‌బోర్డులో వదిలేసిన సీసా నమ్మదగ్గది కాదు. మెడికల్ షాపులో మీ కంపెనీది లేదని ఇంకోటి ఇస్తే ఒకటికి రెండు షాపులు తిరగండి. తప్పనిసరై మార్చితే 6 నుంచి 8 వారాల తర్వాత పరీక్ష చేయించండి. మోతాదు అంకె కూడా సీసా మీద చూసి తీసుకోండి. 12.5 అడిగితే 125 చేతిలో పడితే అది పది రెట్ల మోతాదు.

మోతాదు మొదలుపెట్టాకో, మార్చాకో మళ్లీ టీఎస్‌హెచ్ చూడాల్సింది 6 నుంచి 8 వారాలకి. రెండు వారాలకే చూస్తే అంకె ఇంకా దిగుతూ ఉంటుంది, తొందరపడి మోతాదు పెంచేస్తారు. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. ముందే వేసుకుంటే కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. అంకె కుదిరాక 6 నెలలకో, ఏడాదికో ఒకసారి చాలు.

బరువు తగ్గుతామని సొంతంగా మోతాదు పెంచుకునేవాళ్లున్నారు. టీఎస్‌హెచ్ అట్టడుక్కి పోయేలా ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, గుండె లయ తప్పుతుంది. మెనోపాజ్ దాటినవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ.

7. టీఎస్‌హెచ్ బాగా తగ్గి ఉంటే

గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, తింటున్నా బరువు తగ్గడం, కళ్లు ముందుకు పొడుచుకురావడం ఉండి టీఎస్‌హెచ్ 0.1 లోపు ఉంటే గ్రేవ్స్ జబ్బు అనుమానిస్తారు. ఇదీ రోగనిరోధక వ్యవస్థ పనే, కాకపోతే ఇక్కడి యాంటీబాడీలు గ్రంథిని రెచ్చగొడతాయి. ఆ యాంటీబాడీలని పట్టుకుని జబ్బుని నిర్ధారించే పరీక్ష టీఆర్ఏబీ. హషిమోటోలోనూ మొదట్లో గ్రంథి పగిలి హార్మోన్ ఒక్కసారిగా బయటికొచ్చి కొన్ని వారాలు ఇలాగే కనిపించొచ్చు. దానికి గ్రేవ్స్ మందులు పనికిరావు. తేడా పట్టుకోవడానికి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఇచ్చి తీసే టెక్నీషియం స్కాన్ ఉపయోగపడుతుంది, గర్భిణులకి మాత్రం అది చేయరు.

గ్రేవ్స్‌కి ఎక్కువగా ఇచ్చేది కార్బిమజోల్, సాధారణంగా 12 నుంచి 18 నెలలు. ఈ మందు వాడుతూ జ్వరం, గొంతునొప్పి వస్తే పారాసిటమాల్ వేసుకుని పడుకోకూడదు. మాత్ర ఆపి అదే రోజు సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించి డాక్టర్‌ని కలవాలి. అరుదుగా తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. సిగరెట్ తాగేవాళ్లలో కంటి సమస్య ముదురుతుంది. గర్భం మొదటి మూడు నెలల్లో కార్బిమజోల్ బిడ్డకి మంచిది కాదు, కాబట్టి ప్లాన్ చేసుకునేముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

8. పెళ్లి, గర్భం

సంబంధాలు చూసేటప్పుడు "అమ్మాయికి థైరాయిడ్ ఉందని చెప్పకండి" అనే మాట చాలా ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. దాని ఫలితం అత్తారింట్లో మాత్ర దాచుకుని వేసుకోవడం, కొన్నాళ్లకి మానేయడం. అదీ సరిగ్గా గర్భం వచ్చే నెలల్లోనే. ఈ దాపరికం జబ్బుకన్నా ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం. రోజుకో చిన్న మాత్రతో అదుపులో ఉండేదాన్ని చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

గర్భం మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకి తల్లి థైరాక్సినే (టీ4) ఆధారం. మందు వాడుతున్నవాళ్లు గర్భానికి ముందే టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా చూసుకోవాలి. గర్భం తెలియగానే అవసరం 25 నుంచి 30 శాతం పెరుగుతుంది. అందుకే నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. వారానికి రెండు మాత్రలు అదనంగా, అంటే 7 బదులు 9 వేసుకోమని చెప్పడం అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ సూచించిన పద్ధతి. సగం నెలలు నిండేదాకా నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూస్తారు. కాన్పు తర్వాత మోతాదు మళ్లీ పాత అంకెకి వస్తుంది. పాలిచ్చే తల్లి నిశ్చింతగా వేసుకోవచ్చు.

యాంటీబాడీలు ఉండి టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నవాళ్లకి ముందుజాగ్రత్తగా మాత్ర ఇస్తే గర్భస్రావాలు తగ్గుతాయా అని బ్రిటన్‌లో పెద్ద పరీక్ష చేశారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల్లో ప్రయోజనం కనిపించలేదు. అలాంటివాళ్లకి కావాల్సింది గర్భంలో తరచు పరీక్ష, ఆ తర్వాత కాన్పయిన మొదటి ఏడాది కాస్త కనిపెట్టుకుని ఉండటం. బాలింతలో విపరీతమైన దడ, తర్వాత నీరసం, దిగులు కనిపిస్తే "పసిబిడ్డతో నిద్రలేక" అని వదిలేయకండి. ఇలా కాన్పు తర్వాత థైరాయిడ్ దెబ్బతినే ప్రసవానంతర థైరాయిడైటిస్ యాంటీబాడీలు ఉన్నవాళ్లలోనే ఎక్కువ. అది చాలామందిలో తగ్గిపోతుంది కూడా.

9. తిండి విషయం

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి మానేయమని చెప్పని చుట్టం ఉండరు. మామూలుగా వండుకుని తినే పరిమాణంలో ఇవేవీ హాని చేయవు. మీల్‌మేకర్ లాంటి సోయా పదార్థాలు మాత్ర వేసుకునే సమయానికి దూరంగా తింటే చాలు.

అయోడిన్ ఎక్కువ తింటే మంచిదనుకుని సముద్రపు నాచు మాత్రలు, అయోడిన్ చుక్కలు కొనకండి. హషిమోటో ఉన్న గ్రంథికి అతి అయోడిన్ కీడే చేస్తుంది. అలాగని అయోడైజ్డ్ ఉప్పు మానేసి పింక్ సాల్టుకి మారాల్సిన పని లేదు. మన దేశంలో ఇంటికి చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలని నియమం, కూరలో వేసుకునే ఆ కాస్త మామూలు అవసరానికే సరిపోతుంది. ఆవకాయలో కల్లుప్పు వాడుకోండి, దానికీ దీనికీ పోటీ లేదు. ఇంట్లో గర్భిణి ఉంటే రోజువారీ ఉప్పు మాత్రం అయోడైజ్డ్‌దే ఉండాలి.

గోధుమలు మానేస్తే హషిమోటో తగ్గుతుందనే ప్రచారానికి గట్టి ఆధారం లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో గోధుమలు పేగులకి పడని సీలియాక్ జబ్బు కాస్త ఎక్కువ అన్నది నిజం. విరేచనాలు, ఎంతకీ తగ్గని రక్తహీనత ఉంటే దానికి రక్తపరీక్ష ఉంది, చపాతీలు మానకముందే చేయించాలి. మానేశాక చేయిస్తే తప్పుగా నెగెటివ్ రావొచ్చు. సెలీనియం యాంటీబాడీల అంకెని కొంత తగ్గించవచ్చు. కానీ మందు అవసరాన్ని తగ్గిస్తుందని తేలలేదు.

10. అంకె బాగుంది, ఒళ్లు బాగాలేదు

టీఎస్‌హెచ్ 2కి వచ్చి మూడు నెలలైనా నీరసం పోలేదంటే ప్రతిదీ థైరాయిడ్ ఖాతాలో వేయకండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డీ, షుగర్ చూపించుకోండి. బీ12 లోపానికీ ఈ జబ్బుకీ చుట్టరికం ఉంది. కడుపులో బీ12 ఒంటపట్టకుండా చేసే ఇలాంటి ఆటోఇమ్యూన్ (రోగనిరోధక వ్యవస్థ మన ఒంటి మీదే పడే) జబ్బు కొందరికి దీనితోపాటే వస్తుంది. గురక, నిద్రలో ఊపిరి ఆగడం, డిప్రెషన్, మెనోపాజ్ కూడా అచ్చం థైరాయిడ్ లక్షణాల్లాగే ఉంటాయి. బరువు విషయంలో ఆశలు తగ్గించుకోవాలి. థైరాయిడ్ వల్ల పెరిగేది చాలామందిలో కొద్ది కిలోలే, అందులోనూ నీరు ఎక్కువ. 20 కిలోలు పెరిగితే వేరే కారణాలు వెతకాలి. కొలెస్ట్రాల్ ఎక్కువ ఉందని కొత్తగా మందు రాసేముందు టీఎస్‌హెచ్ చూడమని అడగండి, థైరాయిడ్ కుదిరితే అది కొంత దానంతట అదే దిగుతుంది.

11. ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

నెలల తరబడి మాత్ర మానేసిన పెద్దవాళ్లు మత్తుగా పడి ఉండటం, ఒళ్లు చల్లబడటం, ఊపిరి నెమ్మదించడం ప్రాణాపాయ సూచనలు. గ్రేవ్స్ ఉన్నవాళ్లలో తీవ్ర జ్వరంతో పాటు విపరీతమైన దడ, అయోమయం కూడా అంతే. మెడ వాపు వారాల్లోనే గబగబా పెరిగినా, మింగడం కష్టమైనా, గొంతు మారినా ఆలస్యం చేయకండి.

ఇంట్లో మిగతావాళ్ల సంగతి: అందరికీ యాంటీబాడీలు చేయించక్కర్లేదు. అక్కచెల్లెళ్లకి, కూతుళ్లకి లక్షణాలు ఉన్నా, గర్భం అనుకుంటున్నా ఒక్క టీఎస్‌హెచ్ చాలు. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకి, తరగతిలో తోటివాళ్లతో సమానంగా ఎత్తు పెరగని పిల్లలకి మాత్రం లక్షణాల కోసం ఎదురుచూడకుండా చేయించండి.